గడప బయట అల్లుడు

"కుళాయి వచ్చిందని అంత సంబరం ఏటి నీకు?"

మా ఆయన గోడవైపు తిరిగి పడుకునే అడిగారు. నేను బిందె దించి, తడి చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

"నిన్న రాలేదు కదండీ. ఇవాళ సన్నజాజికి కూడా పోశాను. మొగ్గ తొడిగింది, చూస్తారా?"

"సూడను."

"కాస్త తల తిప్పితే కిటికీలోంచి కనిపిస్తుంది."

"తల తిప్పితే ఇల్లంతా తిరుగుతాది సత్యా. నీకు తెల్దేటి?"

తెలుసు. తెలిసే అడిగాను. ఏదో ఒకటి అడగకపోతే ఆ గదిలో నా గొంతు కూడా ఉండదు.

వైశాఖంలో మా పెళ్ళి. జ్యేష్ఠంలో ఆయనకు జ్వరం. మా ఆయన దేవీప్రసాద్ పోర్టులో క్రేన్ ఆపరేటర్. మేడల కంటే ఎత్తున, గాజు గదిలో కూర్చుని ఓడల్లోంచి సరుకు దించేవారు. పెళ్ళయిన కొత్తలో భోజనం వేళకు ఫోన్ చేసేవారు.

"ఇక్కడికి మన మేడ కనపడతంది సత్యా. పచ్చ చీర ఆరేశావు కదా?"

నేను మేడ మీదికి పరుగెత్తి, పోర్టు వైపు తిరిగి రెండు చేతులూ ఊపేదాన్ని. మల్కాపురంలో మా వీధి వీధంతా నన్ను చూసి నవ్వుకునేది. పొద్దున్నే నేను ఆ చీర ఉతుకుతుంటే చూసి వెళ్ళారని తరవాత తెలిసింది. బాగా అలిగాను. మర్నాడు భోజనం వేళకు మళ్ళీ మేడెక్కి చేతులూపాను.

జ్వరం పోతూ పోతూ ఆయన నిలకడను పట్టుకుపోయింది. చెవి లోపలి నరం దెబ్బతిందని సీతమ్మధారలో డాక్టర్ గారు చెప్పారు. నడక మెల్లగా కుదురుతుందట. "క్రేన్ సంగతి మాత్రం మరిచిపోండి" అన్నారు. ఆస్పత్రి మెట్లు దిగుతూ ఆయన సగంలో రెయిలింగ్ పట్టుకుని కూలబడిపోయారు. నేనూ పక్కనే కూర్చున్నాను. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ మమ్మల్ని తప్పుకుని వెళ్ళారు.

ఆ రోజు నుంచే నాకు వెతకడం అలవాటైంది. పొద్దున లేస్తే ఇంట్లో ఉంగరం పారేసుకున్నదానిలా మంచిది ఏదైనా దొరుకుతుందేమోనని వెతికేదాన్ని. గాలి మళ్ళి బట్టల మీద పోర్టు బొగ్గుపొడి పడలేదు. కింద ఇంటి గులాబ్ బీ గిన్నెడు సేమ్యా పంపింది. ఆయన ఇంకో ముద్ద ఎక్కువ తిన్నారు. దొరికినవన్నీ పైకి చదివి వినిపించేదాన్ని. ఆయన వినేవారో లేదో తెలియదు.

ఆషాఢం రాగానే నాన్న నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. కొత్త పెళ్ళికూతురు ఆ నెలంతా పుట్టింట్లో ఉండాలి. ఆ నెల అత్తగారి గడప అల్లుడు దాటకూడదు. మా ఊళ్ళో ఈ మాట చాలా గట్టి.

నేను వంటింట్లో ఉన్నాననుకుని మా ఆయన మా నాన్నతో మెల్లగా అన్నారు.

"మావయ్యా, ఆషాఢం అయిపోయినా సత్యను పంపొద్దు. అక్కడే ఉంచీండి."

నేను వినలేదన్నట్టు బయటికి వచ్చి, "మాత్రలు వేళకు వేసుకోండి" అన్నాను. ఆయన కళ్ళెత్తలేదు.

ఆనందపురంలో మా ఇల్లు బంతితోట మధ్యలో ఉంటుంది. నాన్న పూలు కోయించి, ట్రాలీ ఆటోలో జంక్షన్ మార్కెట్‌కు వేస్తారు. నేను రోజూ పూల పాకలో కూర్చుని దండలు కట్టాను. చుట్టూ అంత పసుపు. వెతికినా ఒక్క మంచి విషయం దొరికేది కాదు. ఫోన్ చేస్తే ఆయన ఎత్తరు. చివరికి, ఆయనకు అన్నం పంపే గులాబ్ బీకి చేసేదాన్ని.

"తింటన్నాడు బేటీ. ఫోనిత్తే వద్దంటన్నాడు" అనేది ఆవిడ.

అలాంటి ఒక మధ్యాహ్నం, జోరువానలో, మా గేటు పట్టుకుని ఆయన నిలబడి ఉన్నారు. కాళ్ళ దగ్గర నా సూట్‌కేసు.

నేను తడుస్తూ పరుగెత్తాను. "ఎలా వచ్చారు?"

"బస్సులో. దార్లో దిగిపోయి, కక్కుకుని, ఇంకో బస్సు ఎక్కినాను."

"ఎందుకు?"

సూట్‌కేసు నా వైపు తోశారు. "నీ బట్టలు."

"ఫోన్ ఎత్తడానికి ఓపిక లేని మనిషి ఇంత బరువు మోసుకొచ్చారా?"

"బట్టలు అక్కడుంటే వాటికోసమైనా తిరిగొత్తావని తెచ్చీసినాను."

గుమ్మంలోంచి అమ్మ కేక వేసింది. "ఓలమ్మా, అల్లుడుగారే. బాబూ, గడప దాటకండి, ఆషాఢం. పూల పాకలో కూకోండి. సత్యా, తువ్వాలు అందుకో."

"దాటను అత్తా. ఎల్లిపోతాను."

"ఎల్లిపోడమేటి, తినకుండా? సేపల పులుసు పొయ్యి మీదుంది."

పాకలో బంతిపూల కుప్పకు ఆనుకుని కూర్చున్నారు. తల తుడవబోతే నా చెయ్యి పట్టి ఆపేశారు.

"నీళ్ళొచ్చాయని నవ్వుతావు. మొగ్గొచ్చిందని నవ్వుతావు. నాను మంచం మీద సచ్చినోడిలా పడుంటే నీకు నవ్వెలాగొత్తాది సత్యా? నాకు సిగ్గేత్తంది. ఇంత నవ్వున్న మనిషి నా దగ్గరుండి పాడైపోకూడదు. ఇక్కడే ఉండిపో."

నేను కట్టిన దండలన్నీ పక్కకు నెట్టేశాను.

"కుళాయి వస్తే నాకెందుకు సంబరమో అడిగారు కదా. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడిస్తే మీకు వినిపించదు. నీళ్ళు రాని రోజు నాకు ఏడవడానికి కూడా ఉండదు. అందుకు సంబరం."

ఆయన నా మొహంలోకి చూశారు. జ్వరం వచ్చాక అలా నేరుగా చూడడం అదే మొదలు. చూస్తూనే అడిగారు.

"మరి మొగ్గ?"

"మొగ్గ నిజంగానే బాగుంది."

ఆయనకు నవ్వు వచ్చింది. అది సగంలోనే ఏడుపైపోయింది.

"ఇక్కడ నీకు బాగానే ఉంది కదా?" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

"ఇక్కడ అన్నీ ఉన్నాయి. అక్కడ మీరు గోడవైపు తిరిగి పడుకున్నా ఊపిరి చప్పుడు వినిపించేది. అది చాలని అబద్ధం చెప్పను. చాలదు. కానీ అది ఉంది. ఇక్కడ అదీ లేదు."

"నాను మళ్ళీ పైకెక్కలేను."

"తెలుసు."

"కింద పనేదన్నా ఇత్తారో, ఇవ్వరో."

"నాకూ తెలీదు."

"అన్నీ బాగుంటాయని అనవేటి ఇయ్యాల?"

"ఓపిక లేదండీ."

ఆయన ఏదో చెప్పబోతూ లేచారు. లేవగానే లోకం తిరిగినట్టుంది, గుంజ కోసం చెయ్యి చాచారు, అందలేదు. నేను ఒక పక్క పట్టుకునేసరికి రెండో పక్క ఇంకెవరో పట్టుకున్నారు. వానలో తడిసి ముద్దయిన అమ్మ.

"అమ్మా, ఆషాఢం" అన్నాను.

"అల్లుడు నోపలికి రాకూడదన్నారు గానీ, అత్త బయటికి పోకూడదని ఎవులన్నారే?"

ఆయన్ను మెల్లగా కూర్చోబెట్టి, పులుసన్నం తెచ్చి, అమ్మ తనే పక్కన కూర్చుంది. "ముల్లు సూసుకోండి బాబూ" అంటూ చేప తనే వలిచి పెట్టింది. ఆయన తలవంచుకుని తిన్నారు. కంచంలో పడినవన్నీ పాక కారిన నీళ్ళు కావని అమ్మకూ తెలుసు.

మార్కెట్ నుంచి నాన్న వచ్చేసరికి సాయంత్రం అవుతోంది. మా ఆయన లేవబోతే నాన్న భుజం నొక్కి కూర్చోబెట్టారు.

"మావయ్యా, ఆ రోజు నాను అన్న మాట..."

"ఏ మాట బాబూ? నాకు ఇనపడలేదు."

"సత్యను తీసికెల్దామని. ఇప్పుడే. తప్పయితే సెప్పండి."

నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ చేతులు కడుక్కుంటూ ఆలోచించింది. మా అత్తగారు పోయి చాలా కాలమైంది.

"అత్త ఉన్న ఇంటికే కదా కోడలు ఎల్లకూడదు. అత్త నేని ఇంటికి ఆషాఢమేటి?" అంది.

బస్సెక్కితే మళ్ళీ వాంతులని, నాన్న ట్రాలీ ఆటో వెనక ఖాళీ గోనెలు మెత్తగా పరిచారు. పైన టార్పాలిన్ కట్టారు. ఆయన నా ఒడిలో తల పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నాన్న తోలుతుంటే ఆటో హైవే ఎక్కింది.

"ఏదన్నా సెప్పు" అన్నారు.

"ఏం చెప్పను?"

"రోజూ సెప్తావు కదా. ఇయ్యాల్టిది."

నేను వెతికాను. టార్పాలిన్ కారుతోంది. సూట్‌కేసు తడిసిపోయింది. రేపు ఏమవుతుందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఎంత వెతికినా చేతికి ఏమీ తగల్లేదు.

"ఇవాళ ఏమీ దొరకలేదండీ."

ఆటో మెల్లగా పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకుంది.

"మావయ్య గోతులు తప్పించి తోలతన్నాడు" అన్నారు కళ్ళు మూసుకునే. "నాకు తల తిరగకుండా. ఇయ్యాల్టికి అది రాసుకో."

నేను ఏడ్చాను. ఈసారి గట్టిగానే, ఆయనకు వినిపించేలా.