వరస కలవని గొంతులు

మాణిక్యం ఆ పూట మూసిన వందో గొంతు ఒక కుర్రాడిది. "అక్కా, ఈ బ్యాగు కాస్త చూస్తావా?" అని పక్కనున్నామెను అడిగాడంతే. వాళ్లిద్దరికీ రక్తసంబంధం లేదని తెర చెప్పింది, మాణిక్యం మీట నొక్కింది. ఇక గంటసేపు ఆ ప్రయాణప్రాంగణంలో ఎవరి చెవికాపూ అతని మాటను లోపలికి రానివ్వదు.

ఊరికే పెట్టలేదు మరి ఆ చెవికాపులు. అన్నా అంటూ భుజమ్మీద చెయ్యేసి జేబులు కోసేవాళ్లు. పిన్నీ అంటూ పెట్టె అందుకుని మాయమయ్యేవాళ్లు. మాణిక్యం తల్లి మెడలో గొలుసూ అలాగే పోయింది. ఇప్పుడు దొంగతనాల్లేవు, ఆ మాట ఒప్పుకోవాలి. మూసిన గొంతులు మాత్రం మాణిక్యం గదిలో వినిపిస్తూనే ఉంటాయి.

"బాబూ! ఓలమ్మా, ఓపాలి ఇటు సూడమ్మా! మా ముసిలోడు పడిపోనాడు!"

గవరమ్మ, డెబ్బై ఆరేళ్లు. గొంతు అప్పటికే మూతపడింది. "పడిపోయిన భర్త, తొమ్మిదో రకం నాటకం" అని తెర రాసింది. ఒళ్లో భర్త తల పెట్టుకుని ఆమె చేతులూపుతోంది. జనం చుట్టూ తిరిగి పోతున్నారు.

మాణిక్యం మైకులో చెప్పింది. "వరస పెట్టి పిలవకు. సహాయం కావాలని మాత్రం అను."

"ఎవుల్నైనా ఏటో ఒకటి అని పిలవాల గదా తల్లీ?"

"తల్లీ అనకు! ఇంకో గంట పెరిగింది."

"సరే తల్లీ."

పై అధికారి ధనుంజయ్ గొంతు అడ్డొచ్చింది. "నాటకాలకి డాక్టర్ని పంపం మేడమ్. మీ అమ్మగారి గొలుసు అప్పుడే మర్చిపోయారా?"

ముసలాయన చెయ్యి ఒడిలోంచి జారింది.

ఎవరికెవరు ఏమవుతారో రాసుండే వరసల పట్టీని మాణిక్యం తెరిచింది. అందులో అబద్ధం రాసినవాళ్ల గొంతు జన్మంతా మూతపడుతుంది. "గవరమ్మకు బంధువులెవరు?" అని అడిగింది యంత్రం. "ప్రాంగణంలో ఉన్నవాళ్లందరూ" అని మాణిక్యం కొట్టింది.

గవరమ్మ కేక అందరి చెవుల్లోనూ పడింది. వేలమంది ఒక్కసారి ఆగారు. పరుగెత్తారు. ఆ తోపులాటలో రెండు జేబులు తెగాయి కూడా. ఒకాయన మోకాళ్లమీద కూర్చుని ముసలాయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తల దించుకున్నాడు.

మాణిక్యం మెట్లు దిగి వచ్చేసరికి గవరమ్మ కొంగుతో భర్త మొహం తుడుస్తోంది. మాణిక్యం ఏదో అంది. ఇంకోసారి అంది.

గవరమ్మ ఆమె పెదవులకేసి చూసింది. "నోరు రాదేటమ్మా నీకు? అయ్యో పాపం," అంటూ కాస్త పక్కకు జరిగింది. "రా, ఇలా కూకో."