బ్యాగులో ఒకటి తక్కువ

ఆసుపత్రి నుంచి ఫోను రాగానే కూతురు స్నానానికి పరిగెత్తింది. తల్లి బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. అందులో ఎప్పుడూ ఉండాల్సినవి రెండు జతల బట్టలు, మేజోళ్లు, దువ్వెన, అడుగున పాత గుడ్డలో చుట్టిన రెండు క్లాంపులు. చూడటానికి కత్తెరల్లా ఉంటాయిగాని వాటికి పదునుండదు. రక్తం పారే గొట్టాన్ని పట్టి బిగించడమే వాటి పని.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. గుండె చతికిలబడి, రక్తం అందక మనిషి చల్లబడిపోతుంటే, గుండె చేయాల్సిన పనిని కొన్నాళ్లు పంపు చేత చేయించే జట్టులో ఆమె ఉంది. చిన్న ఆసుపత్రుల్లో ఆ యంత్రం ఉండదు. వీళ్లే అంబులెన్సులో తీసుకెళ్లి, రోగికి తగిలించి, వెంటబెట్టుకొస్తారు. ఈసారి రోగి నలభై రెండేళ్ల కరెంటు పనివాడట.

ఈ ప్రయాణాలు తల్లికి గిట్టవు. ఊళ్లోనే ఉండి చేసే పని అడగమని నాలుగేళ్లుగా పోరుతోంది. ఈ ఉదయమూ ఆ పాటే అందుకుంది. తల తుడుచుకుంటూ వచ్చిన కూతురు వింటూనే బ్యాగు అడుగుదాకా తడిమి, గుడ్డ విప్పింది. ఒకటే క్లాంపు.

“అమ్మా, రెండోదేది?”

తల్లి చూపు కుట్టుమిషను మీది బొత్తాల డబ్బా మీదికి పోయింది. కూతురు మూత తీసింది. బొత్తాల మధ్య ఉంది క్లాంపు.

“ఎప్పుడెళ్లినా ఒంటి మేజోడే ఉంటుంది. మొన్న దువ్వెన లేదు. మా డాక్టరుగారు నన్ను మతిమరుపు మహారాణి అంటున్నారు. ఇదంతా నీ చలవేనా?”

“ఏదో ఒకటి ఇంట్లో ఉండిపోతే, దానికోసమైనా తిరిగొస్తావని...” తల్లి మంచం మీద కూర్చుంది. “గుండె ఆగిపోతోంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నప్పుడు మీ నాన్నకి అన్నీ సర్దానే. చెప్పులతో సహా. ఒక్కటీ మర్చిపోలేదు.”

కూతురి నోటిదాకా వచ్చిన కోపం అక్కడే ఆగింది. మంచం మీద తల్లి పక్కన కూర్చుంది.

“గొట్టంలో గాలి చేరితే రెండు వైపులా బిగించాలమ్మా. వెతుక్కునే వ్యవధి ఉండదు. అక్కడ ఆ కరెంటాయన వాళ్లావిడ కూడా ఈపాటికి సంచి సర్దుతూ ఉంటుంది.”

తల్లి కళ్లు నిండాయి. లేచి, డబ్బాలోంచి క్లాంపు తీసి, కొంగుతో కాక ఉతికిన గుడ్డతో తుడిచి, రెండోదానితో కలిపి తనే ముడి వేసింది.

బయట హారను మోగింది. కూతురు ఒక మేజోడు తీసి తల్లి చేతిలో పెట్టింది. “ఇది ఉంచుకో. నా పనిముట్ల జోలికి మాత్రం రాకు. వెళ్లొస్తా.”

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి తల్లి మేజోడు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు.

“కరెంటాయన ఎలా ఉన్నాడే?”

“పంపు మీదే ఉన్నాడు. కళ్లు తెరిచాడు. వాళ్లావిడ సంచిలో టెస్టరు కూడా పెట్టిందమ్మా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. తొమ్మిదో రోజున పంపు తీసేశారు. నెల తిరక్కుండా అతను నడిచి ఇంటికెళ్లాడు.

ఇప్పుడు తల్లి క్లాంపులే ముందు సర్దుతుంది, పైకి లెక్కపెట్టి మరీ. పోరు మానింది. మేజోడు మాత్రం అడిగి తీసుకుంటుంది. పిచ్చుక ప్రతిసారీ వస్తూనే ఉంది. ఆ గుమ్మం దాటి తిరిగి రానిది వాళ్ల నాన్న ఒక్కరే. వెళ్లింది పంతొమ్మిదేళ్ల కిందట, ఒక మంగళవారం ఉదయం పదకొండింటికి.