అద్దానికి మొదటి ముద్ద

అప్పాయమ్మ ఫ్యాను ఆపింది. పొయ్యి మీద కుక్కర్ దించింది. పక్కింటివాళ్లను కాసేపు గట్టిగా మాట్లాడవద్దంది. చివరికి గోడకున్న పలుకుటద్దంలో నడుస్తున్న పాట కూడా ఆపి, చాప మీద కూర్చుంది. ఇల్లు పూర్తిగా సద్దుమణిగితే గానీ కొడుకు దృశ్యలేఖ తెరవనివ్వదు. కోడలు నీలవేణి అప్పుడు అద్దాన్ని తట్టింది.

అద్దంలో నూకరాజు ముఖం వచ్చింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆ తర్వాతే గొంతు అందుకుంది.

"...బాగున్నానమ్మా. తిండికేం లోటు లేదు. రెండో విడతకి ముద్ర ఏసేయ్. ముద్రకి రేపటితో గడువైపోద్ది."

"మళ్లీ మింగేసింది," అంది అప్పాయమ్మ. "ఏటే, ఆ అద్దాల కంపెనీలో పెద్ద ఇంజినీరువి కదా. నీ ఇంట్లో అద్దమే నీ మాట ఇనదేటి?"

"ఈ ఇంట్లో నా మాట ఏది ఇన్నాది అత్తా," అంది నీలవేణి.

నూకరాజు భీమిలి తీరానికి దూరంగా, సముద్రం అడుగున నీటిమేడలో ఖనిజం తవ్వే పనిలో ఉన్నాడు. అంత లోతు నుంచి నేరుగా మాట్లాడే దారి లేదు. రోజుకోసారి మాటల తీగ తెరిచి అందరి లేఖలూ పైకి పంపుతారు. ఒడ్డున ఉన్నవాళ్లు కూడా ఎదురెదురుగా మాట్లాడుకోవడం తగ్గించి చాలా కాలమైంది. డాక్టరు సలహా, బడి పాఠం, పెళ్లి మాటలు అన్నీ అద్దంలోకే వస్తాయి. వచ్చిన లేఖను ఇంటిల్లిపాదీ కలిసి వినడం మర్యాద. ఎవరైనా చాటుగా వింటే ఏదో దాస్తున్నారని అనుకుంటారు.

నీటిమేడలో దిగినవాళ్లు తమంతట తాము గడువు పొడిగించుకోకూడదు. ఇంటి పెద్ద ఒప్పుకుని, అద్దం మీద అరచేతి ముద్ర వెయ్యాలి. అది చట్టం.

నీలవేణి లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. శబ్దం రాని ఆ కాసేపట్లో భర్త ముఖం వేరుగా ఉందని ఆమెకు చాలా రోజులుగా అనిపిస్తోంది. ఎలా వేరుగా ఉందో చెప్పలేకపోతోంది. మొదటి మాట పోతోందన్న ఫిర్యాదు తీరమంతటా ఉంది. కంపెనీ వాళ్లు తీగ మార్చారు, అద్దంలో మాట పలికించే గొంతుపెట్టె మార్చారు. పరీక్షశాలలో మాత్రం ఆ లోపం ఒక్కసారీ కనపడలేదు.

అప్పాయమ్మ కుక్కర్ పొయ్యెక్కించి, పాట మళ్లీ పెట్టి పెరట్లోకి వెళ్లింది. పాట నడుస్తుండగానే నీలవేణి అదే లేఖను ఇంకోసారి తెరిచింది.

"అమ్మా, భయమేస్తంది," అన్నాడు నూకరాజు. ఊపిరి తీసుకుని, "బాగున్నానమ్మా," అన్నాడు.

ఆమెకు లోపం దొరికింది. ఏ శబ్దమూ లేకపోతే విద్యుత్తు ఆదా కోసం అద్దం గొంతుపెట్టె నిద్రపోతుంది. మాట వస్తే లేస్తుంది, లేచేలోగా మొదటి మాట జారిపోతుంది. పరీక్షశాలలో ఎప్పుడూ ఏదో ఒక మోత ఉంటుంది కాబట్టి అక్కడ అది నిద్రపోలేదు. ఇళ్లలో మాత్రం తమవాడి మాట బాగా వినాలని అన్నీ ఆపి కూర్చుంటారు. ఆ నిశ్శబ్దమే మాటను మింగుతోంది.

లోపం గురించి నీటిమేడలోనూ తెలుసు. "మొదటి ముద్ద అద్దానికి పెట్టి, తర్వాత మనం తింటాం," అని నూకరాజు ఒక లేఖలో నవ్వాడు. ఏదో ఒకటి ముందు పడేసి ఆపైన అసలు మాట ఎత్తుకుంటారట. ఏం పడేస్తున్నారని పైన ఎవరూ అడగలేదు. ఎవరికీ వినపడదు కాబట్టి ఆ మాట పోయినట్టేనని కింద వాళ్లు అనుకున్నారు. అది లేఖలో అలాగే ఉంది.

నీలవేణి పాట ఆపబోయి ఆగింది. అత్తకు చెబితే ముద్ర పడదు. కింద ఉండలేక వచ్చేశాడని ఊరు అంటుంది. ఆ మాట నూకరాజు పడలేడు. చెప్పకపోతే అతను ఇంకో విడత అక్కడే ఉంటాడు. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. సాయంత్రానికి చెవికి అందని ఒక మోతను తయారుచేసి అద్దంలో పెట్టింది. అది నడుస్తుంటే గొంతుపెట్టె నిద్రపోదు. దానికి మూగనాదం అని పేరు పెట్టింది. ఆ తర్వాత అత్తను పిలిచింది.

అప్పాయమ్మ విన్నది. పాతవి పెట్టమంది. ఒకదాంట్లో "ఊపిరాడట్లేదు" అన్నాడు. ఒకదాంట్లో దేవుణ్ణి తిట్టాడు. ఒకదాంట్లో మాట లేదు, ఏడుపు దిగమింగిన చప్పుడు ఉంది. ప్రతిదాంట్లోనూ ఆ వెంటనే బాగున్నానన్నాడు.

"ముద్ర ఎయ్యమని కూడా తనే అడుగుతున్నాడు అత్తా. ఏది నమ్మాలి?"

అప్పాయమ్మ చాప మీద నుంచి లేచింది. "ఎనకది ఊరందరికీ సెప్పినాడు," అంది. "ముందుది ఎవలికీ సెప్పనేదు. నాను ముద్ర ఎయ్యను."

మూగనాదం తీరంలోని అన్ని ఇళ్లకూ చేరింది. మొదటి మాట కూడా వినపడుతోందన్న కబురు నీటిమేడకూ చేరింది. ఆనాటి నుంచి అక్కణ్ణుంచి వచ్చిన ప్రతి లేఖా మొదటి క్షణం నుంచే స్పష్టంగా వినిపించింది. అందరూ బాగున్నామనే మొదలుపెట్టారు. దానికి ముందు ఏమీ లేదు. ఫిర్యాదులు ఆగిపోయాయి. కంపెనీ నీలవేణిని మెచ్చుకుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు మాత్రం లేఖ అయ్యాక కూడా అద్దం ముందు నుంచి లేవడం మానేశారు.

మొదటి విడత ముగిసి నూకరాజు పైకి వచ్చాడు. వచ్చీ రాగానే గొడవ పెట్టుకున్నాడు. తను భయమని ఎప్పుడూ అనలేదన్నాడు. అద్దం కల్పించిన మాట పట్టుకుని పరువు తీశారన్నాడు.

"సర్లే నాయినా, అద్దమే అనుంటాది," అంది అప్పాయమ్మ. అన్నం పెట్టింది. నీలవేణి లేఖ తెరవలేదు.

తిన్నాక నూకరాజు వీధి తలుపూ పెరటి తలుపూ బార్లా తీశాడు. కిటికీలు తెరిచాడు. గదిలో పరిచిన పక్క వదిలేసి, గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని, తల బయటికి పెట్టి నిద్రపోయాడు. నీళ్లబిందెతో వచ్చిన నీలవేణి పడుకున్న మనిషిని దాటలేక, లేపనూ లేక, ఎండలో నిలబడింది.