జీరో కాని స్టాప్‌వాచ్

యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్ అధికారి లిఫ్టులో శవమై దొరికిన మర్నాడే ఆయన ఉద్యోగానికి ప్రకటన పడింది. దాని కిందే మరో రెండు ఖాళీలు: రాడార్ పరిశోధన, పరుగుల కోచ్.

“రహస్యాలమ్మే ముఠా కన్ను రాడార్ ఫైలు మీద ఉంది,” అన్నాడు గూఢచారి శాఖ చీఫ్. “మూడు పోస్టుల్లో ఒకటి వాళ్ళ మనిషికి దక్కుతుంది. కంప్యూటర్ పోస్టుకి నువ్వెళ్ళు, డేగా. కోచ్‌గా ఎవరు?”

“మా బావ, సార్. నాకు తుపాకీ పట్టడం నేర్పిందే ఆయన. పూచీ నాది.”

ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి. పరిశోధన పోస్టు నెమలి అనే యువతికి దక్కింది. ఆమె నవ్విందంటే ప్రొఫెసర్లు తమ ఫార్ములాలు తామే మరిచిపోయేవారు. ముఠా వాళ్ళతో కాఫీ తాగుతూ రెండుసార్లు డేగ కంటబడింది కూడా.

“దాని మీద ఓ కన్నేసి ఉంచరా బామ్మర్దీ,” అనేవాడు బావ. డేగ రెండు కళ్ళూ వేశాడు.

క్రీడల రోజు. క్యాంపస్ అంతా స్టేడియంలోనే ఉంది. ఫినిష్ లైన్ దగ్గర స్కోర్‌బోర్డ్ కంప్యూటర్ ముందు డేగ, పక్కనే టైమ్‌కీపర్లతో బావ. పిస్టల్ పేలింది. ఒక కుర్రాడు ముందే దూకేశాడు. ఫాల్స్ స్టార్ట్! రెండో గుండు పేల్చి అందరినీ వెనక్కి పిలిచారు.

అంతలో నెమలి వచ్చి డేగ పక్కన కూర్చుంది.

“ఎండలో గొడుగు మరిచాను,” అంది మెల్లగా.

డేగ ఉలిక్కిపడ్డాడు. అది చీఫ్ సొంత కోడ్.

“చీఫ్ ముఠాలో పెట్టిన మనిషిని నేను. రాడార్ ఫైలు ఇప్పుడే బయటికి పోతోంది. నీ లాగిన్‌తో! పోయిందా, ద్రోహివి నువ్వే.”

డేగ ఆ మధ్య చెయ్యి విరిగినప్పుడు ఆ పాస్‌వర్డ్ ఒక్కరిచేతే కొట్టించాడు. తల తిప్పి చూశాడు. టైమ్‌కీపర్లందరి వాచీలూ జీరోలో ఉన్నాయి. బావ చేతిలోది మాత్రం ఇంకా పరిగెడుతోంది.

“వాచీ జీరో చెయ్యలేదేం బావా?”

“బటన్ పట్టేసిందిరా.”

“ఇటివ్వండి, చూస్తా.”

బావ ముఖంలో నవ్వు ఎండిపోయింది. “మీ అక్క ముఖం చూసి ఊరుకోరా. ఇంకొక్క నిమిషంలో ఫైలు ఈ వాచీలోకి ఎక్కేస్తుంది.”

“లిఫ్టులో ఆయన్ని చంపింది...”

“ఖాళీ లేకపోతే నీకు ఉద్యోగం ఎలా వచ్చేది? నీ లాగిన్ నాకెలా దొరికేది?”

తుపాకీ నేర్పిన చెయ్యి! అక్క మెడలో తాళి కట్టిన చెయ్యి! డేగకి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“అక్క ముఖం చూసే కదయ్యా నీకు పూచీ పడ్డాను!” అంటూ ఆ మణికట్టు మీద ఒక్కటిచ్చాడు.

వాచీ ఎగిరి, బెణికిన కాళ్ళకోసం పెట్టిన ఐసు నీళ్ళ బకెట్లో పడింది. దాని తెర మీద తొంభై తొమ్మిది శాతం చూపించి, నాలుగు బుడగలు వదిలి ఆరిపోయింది. బావ కదలబోతే నెమలి లిప్‌స్టిక్ పిస్టల్ ఆయన పక్కటెముకలకి ఆనింది.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. “ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టావు.”

డేగ జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. అక్క. ఎత్తడానికి చెయ్యి రాలేదు.

“కోచ్ పోస్టుకి మళ్ళీ ప్రకటన ఇస్తున్నారు. ఏమైనా చేర్పించమంటావా?”

“ఒక్క లైను, సార్. చుట్టాల సిఫార్సు చెల్లదు.”