నూకరత్నం ముక్కు

తెల్లారేసరికే నూకరత్నం బట్టీ దగ్గర ఉంది. పొయ్యిలో ఎండిన జీడితొక్కలు వేసి రాజేసింది. పెద్ద ఇనప పెనం ఎక్కించి, గోనెసంచిలోంచి జీడిపిక్కలు దాని మీదకి గుమ్మరించింది. పిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్లు ఇంకా రాలేదు. వాళ్లు వచ్చేలోపు మొదటి వాయి దించేస్తే, ఆ తర్వాత కబుర్లకి బోలెడంత తీరిక దొరుకుతుంది.

కాశీబుగ్గలో బట్టీల వీధి అంటే ఇప్పుడు ఎవరైనా దారి చూపిస్తారు. ఆమె ఉద్దానం నుంచి కొత్త కోడలిగా వచ్చినప్పుడు మాత్రం అక్కడ వీధీ లేదు, బట్టీలూ లేవు. రైలు గేటు దాటితే అన్నీ తుప్పలే. ఆ తుప్పల మధ్య నాలుగు పాకలు. ఒకటి టైలరు బాబ్జీది, ఒకటి కమ్మరి నారాయణది, ఒకటి టీకొట్టు. నాలుగోది ఆమె మొగుడు ఢిల్లేశ్వరరావుది. తోట అన్నదమ్ములకి వదిలేసి, ఒక్క పెనం నెత్తిన పెట్టుకుని వచ్చిన మనిషి. ఇక్కడేటి తింటాం, తుప్పలా అని ఆమె అడిగితే, రైలుంది కదే, అదే తిండెడతాది అన్నాడట. అన్నట్టే పెట్టింది. ఆయన బట్టీ చూసి పది మంది బట్టీలు పెట్టారు, పది మందిని చూసి ఊరు పెరిగింది. తొంభై తొమ్మిది తుపాను పోయిన రెండేళ్లకి ఆయన పోయాడు. బాబ్జీ, నారాయణ అంతకుముందే పోయారు. టీకొట్టు వాళ్లు విశాఖపట్నం వెళ్లిపోయారు. మొదటివాళ్లలో మిగిలింది నూకరత్నం ఒక్కతే. పాత సంగతి ఏదైనా ఎత్తితే అవునని చెప్పే మనిషి లేడు.

అందుకే ఆమెకి బట్టీ అంటే ప్రాణం. పొద్దున్నే ఆడవాళ్లు వచ్చి, చాపల మీద వరసగా కూర్చుని, చెక్కలతో పిక్కలు కొడుతుంటే ఆమెకి పొద్దు తెలిసేది కాదు. సాయంత్రం వాళ్లు చేతులు కడుక్కుని వెళ్లిపోయాక మళ్లీ పొద్దున్న ఎప్పుడవుతుందా అని చూసేది.

పిక్కలు వేపడంలో కష్టమంతా దించడంలోనే ఉంది. తొక్కలోని నూనెకి మంట అంటుకుంటుంది, పొగ ఘాటుగా లేస్తుంది. ఆ ఘాటులోంచి పప్పు కమ్మటి వాసన బయటపడగానే పెనం దించెయ్యాలి. ముందు దించితే తొక్క పగలదు, ఆలస్యమైతే పప్పు మాడుతుంది. నూకరత్నం ముక్కు తప్పదని వీధి వీధంతా చెప్పుకునేది. షావుకార్లు కూడా ఆ మాట మీదే సరుకు తీసుకునేవారు.

ఆ ముక్కు కిందటేడు వానాకాలం జ్వరంతో పోయింది. జలుబు అనుకుంది, తగ్గుతుందిలే అనుకుంది, తగ్గలేదు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ట్రంకుపెట్టె తెరిచి మొగుడి తువ్వాలు తీసింది. ఆయన పోయాక ఉతక్కుండా దాచుకున్నది అదొక్కటే. మనసు బాగోనప్పుడల్లా మొహానికి అదుముకునేది. ఆ రోజు అందులో ఏ వాసనా లేదు. అంతే, ఇల్లెగిరిపోయేలా అరిచింది. కోడలు ప్రమోదిని ఉతికేసిందని తీర్మానించేసింది. నేను ముట్టుకోలేదత్తా అని ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా వినలేదు. బట్టీకి వెళ్లి అందరికీ చెప్పింది. కొట్టేవాళ్లలో పెద్దది బంగారమ్మ బుగ్గ నొక్కుకుంది. చచ్చిపోయిన మనిషి గుర్తు కూడా ఉంచని కోడలని వీధిలో మాట పాకింది.

కొన్నాళ్లకి, ఎండుచేపలు వేపుతున్నా ముక్కుకి ఏమీ తగలనప్పుడు, నూకరత్నానికి నిజం తెలిసింది. తువ్వాలు తప్పు లేదు, కోడలి తప్పూ లేదు. కానీ ఆ మాట అనాలంటే ముక్కు పోయిందని ఒప్పుకోవాలి. ముక్కు పోతే బట్టీ పోతుంది. బట్టీ పోతే ఆమె దగ్గరికి వచ్చేదెవరు? అందుకని ఊరుకుంది. పైగా తప్పు చేసినవాళ్లకే పౌరుషం ఎక్కువ కదా, కోడలితో మాటలు కూడా మానేసింది. కూరలో ఉప్పు చాలకపోతే గోడకి చెప్పేది. గోడ విన్నా వినకపోయినా ప్రమోదిని విని ఉప్పు తెచ్చి పెట్టేది.

వేపడం మాత్రం చెవితో నేర్చుకుంది. పిక్కలు చిటపటమని, ఆ చప్పుడు కాస్త తగ్గగానే దించేది. ఏడాదిపాటు ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ పొద్దున్న మాత్రం చప్పుడు రాలేదు. రెండు రోజుల వానకి సంచుల్లో పిక్కలు చెమ్మ పట్టాయి. చెమ్మ పిక్క ఆలస్యంగా పేలుతుంది. మంట లేచింది, పొగ లేచింది, నూకరత్నం చెవొగ్గి నిలబడింది. అప్పుడే మిగతా ఆడవాళ్లతో వచ్చిన బంగారమ్మ ముక్కు మూసుకుంది.

"వదినా, మాడు కంపు కొడతంది. దించవేటి?"

అవును కాబోలనుకుని దించేసి ఉంటే సగమైనా దక్కేది. కానీ అందరి ముందూ అలా దించితే, ముందే ఎందుకు తెలియలేదని అడుగుతారు. "నాకు నేర్పుతావేటే?" అంది నూకరత్నం, గరిట తిప్పుతూ. చప్పుడు వచ్చి తగ్గేదాకా ఆగి అప్పుడు దించింది. బంగారమ్మ ఒక పిక్క కొట్టి చూపించింది. లోపల పప్పు నల్లగా బొగ్గైపోయింది. ఆడవాళ్లు మాడిన పిక్కలు ఏరి ఒక పక్కన పోయసాగారు. అదే ఆమెకి ఎక్కువ బాధనిపించింది.

మధ్యాహ్నానికి కబురు కొడుకు కృష్ణారావుకి చేరింది. పిక్కలు పెనం మీద వేపే బదులు ఉడికించే ఆవిరి బాయిలరు పెట్టుకోవాలని అతనికి ఎప్పటినుంచో ఉంది. తల్లి మొహం చూసి ఆగుతూ వచ్చాడు. ఇప్పుడు వసారాలోకి వస్తూనే, రేపటినుంచి బట్టీ వెలగదని, బాయిలరు వచ్చేదాకా పిక్కలన్నీ వేరేవాళ్ల మిషను దగ్గరికి పోతాయని చెప్పేశాడు. తల్లి ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోవచ్చన్నాడు.

"ఒక్క వాయి మాడితే బట్టీ ఆర్పేత్తావేట్రా? మీ నాన్న ముట్టించిన బట్టీ అది."

"ఇంతసేపయ్యాక కూడా, వీధి చివర సైకిలు దిగుతుంటే నాకు కంపు తెలిసిందమ్మా. పెనం మీద వంగున్న నీకు తెలవలేదా? ఏటైంది నీకు?"

నూకరత్నం ఏదో ఒకటి చెప్పాలి. కళ్లు ఇటూ అటూ తిప్పితే గుమ్మంలో మంచినీళ్ల గ్లాసుతో ప్రమోదిని కనిపించింది. మనిషికి పాత దారే సులువు. "నా సేతిలో ఏటుంది? పొయ్యిలోకి తొక్కలు తీసి పెట్టినోళ్లు తడివి పెట్టినారు. తడి తొక్కలు పొగ సిమ్మితే ఆ పొగలో మాడు కంపు నాకెలా తెలుస్తాది?" అంది.

తొక్కలు తీసి పెట్టేది ప్రమోదినే. నిన్న పెట్టినవి ఎండినవేనని నూకరత్నానికి తెలుసు, తన చేత్తోనే రాజేసింది. కృష్ణారావు పెళ్లాం వైపు తిరిగాడు. నిజమేనా అని అడిగాడు.

ప్రమోదిని గ్లాసు కింద పెట్టింది.

"నిజమేనండి. తడివే. చూసుకోకుండా నేనే పెట్టాను. అత్త తప్పేం లేదు, బట్టీ ఆపకండి."

కృష్ణారావు ఆమె మీద లేచాడు. ఇంట్లో ఉన్న పనే చూసుకోలేవా అన్నాడు, ఇంకా చాలా అన్నాడు. ప్రమోదిని తల వంచుకుని అన్నీ పడింది. తను అబద్ధం ఆడితే ఈ పిల్ల కాదంటుందని, మళ్లీ గొడవవుతుందని నూకరత్నం అనుకుంది. ఇలా నెత్తిన వేసుకుంటుందని అనుకోలేదు. నిజం చెప్పినప్పుడు తను నమ్మలేదు, ఇప్పుడు తన కోసం అబద్ధం చెబుతోంది. ఆ పిల్లకి అంతా తెలుసని అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"దాన్నేటీ అనకురా," అంది. "తొక్కలు ఎండినవే. నాకు వాసన తెల్దు. కిందటేడు జొరం కాణ్నుంచి ముక్కు పనిసెయ్యదు నాకు."

కృష్ణారావు తల్లి వైపు చూసి, పెళ్లాం వైపు చూసి, అలాగే గోడకి జారబడి కూర్చున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?" ఏడాది తర్వాత నూకరత్నం కోడలితో నేరుగా మాట్లాడింది.

"తువ్వాలు గొడవైన కొన్నాళ్లకి పాలు మాడిపోయాయి కదత్తా, ఆ రోజే తెలిసింది. మీరు పొయ్యి పక్కనే కూర్చుని ఉన్నారు."

"మరి తువ్వాలు మాట అప్పుడే మొకమ్మీద అడక్కపోయావా? ముక్కు నీది పోయి నన్నంటావా అని, నలుగురిలో నిలదీయకపోయావా?"

ప్రమోదిని కింద పెట్టిన గ్లాసు తీసి అత్త చేతికిచ్చింది. "అడిగితే బట్టీ పోతుంది కదత్తా. ఆ ఆడవాళ్లు రారు, మీకెవరూ ఉండరు. ఎవరూ పలకరించకుండా ఉండడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పెళ్లై ఇచ్ఛాపురం నుంచి వచ్చినప్పుడు కొళాయి దగ్గర నలుగురు పలకరించేవారు. తువ్వాలు మాట వచ్చాక ఒక్కరూ మాట్లాడలేదు. ఏడాదైంది. మీకు అలా అవకూడదనుకున్నాను."

నూకరత్నం కోడలి మొహంలోకి చూసింది. తుప్పల్లోకి వచ్చిన కొత్తల్లో తను కూడా ఇలాగే పలకరించే మనిషి కోసం గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూసేది. ఆ రోజుల్లో తుప్పలు ఉన్నాయి గనక మనుషులు లేరు. ఈ పిల్లకి వీధినిండా మనుషులున్నా, ఒక్కరు లేకుండా చేసింది తనే. కొంగు మొహాన కప్పుకుని పెద్దగా ఏడ్చింది. ప్రమోదిని వచ్చి పక్కన కూర్చుంది గానీ ఓదార్చలేదు. ఆమెకీ ఏడుపు ఆగలేదు.

మర్నాడు కృష్ణారావు బట్టీ ఆర్పే మాట ఎత్తలేదు. నూకరత్నమే వెళ్లింది. పొయ్యి ముట్టించలేదు. ఆడవాళ్లంతా చేరేదాకా ఆగి, నిలబడే చెప్పింది. తన ముక్కు పోయిందని, తువ్వాలు ఎవరూ ఉతకలేదని, ఆ సంగతి తెలిసి కూడా ఏడాది నోరు మూసుకుందని.

"నా కోడలి మీద లేని మాట పుట్టించినాను. మీరందరూ నమ్మినారు. ఇప్పుడు ఇదీ నమ్మండి. పెనం కాడ ఇకనుంచి బంగారమ్మ నిలబడతాది. నాను కిందే కూకుని పిక్కలు కొడతాను. కూడదంటే ఎల్లిపోతాను."

బంగారమ్మ కిందకి చూస్తూ చెక్కని చేతిలో తిప్పుతోంది. కొళాయి దగ్గర మొదట మొహం తిప్పుకున్నది తనే కదా మరి. చివరికి లేచి వీధి గుమ్మం దాకా వెళ్లింది. అన్నం కేరియరుతో వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక బయటే నిలబడిపోయిన ప్రమోదిని చెయ్యి పట్టుకుంది.

"అక్కడే నిలబడిపోయావేటమ్మా? రా, నా సోట్లో కూకో."

ఆడవాళ్లు జరిగారు. చాప మీద ఇద్దరికి చోటైంది. నూకరత్నం కోడలి పక్కన కూర్చుని, తొక్కల్లోని జీడినూనె అంటి చర్మం పొక్కకుండా ఆ పిల్ల అరచేతులకి ఆముదం రాసింది. ఒక్కో వేలూ పట్టుకుని, సందుల్లోకి పోయేలా, చాలాసేపు రాసింది.