రొట్టెరాయి దగ్గర వదిలినది

పట్నాల నుంచి నడకకు వచ్చేవాళ్ళకి ఏమస్ గార్బట్ ప్రతి శనివారం చూపించే వాటిలో చివరిది రొట్టెరాయి. హారోగిల్ ఊళ్ళో టీ కొట్టు దగ్గర బయల్దేరి, గొర్రెల గేటు దాటి, బీడు మీదకి మైలు పైన ఎక్కితే వస్తుంది. దారి పొడవునా మనిషి వెనక మనిషి నడిచేంత వెడల్పున పాతకాలపు బండలు పరిచి ఉంటాయి. పైనున్న పల్లెలవాళ్ళు శవపేటికల్ని ఆ బండల మీదుగానే కింద చర్చికి మోసుకొచ్చేవారు. అటూ ఇటూ ఊదారంగు పొదలు, నల్లటి బురదనేల. అంతకుమించి ఏమీ లేదు.

రొట్టెరాయి ఛాతీ ఎత్తు ఉంటుంది. దాని తల మీద దోసెడు లోతు గుంట. ఆ దారిన పోయేవాళ్ళు తినేది ఏదో ఒకటి అందులో పెట్టి పోవడం ఆచారం.

"పెట్టింది ఏదైనా సరే, వెనక ఆకలితో వచ్చేవాళ్ళది," అని ఏమస్ గొంతు తగ్గించి చెప్పేవాడు. "పెట్టి వెనుదిరిగారా, ఇక దాని మీద మీకు హక్కు లేదు. ఒక మంచుకాలంలో గొర్రెల కాపరి పెళ్ళాం ఇక్కడిదాకా పాక్కుంటూ వచ్చింది. గుంటలో చెయ్యి పెట్టింది. ఏమీ లేదు. తెల్లారి చూస్తే మనిషి బిగుసుకుపోయి ఉంది. చెయ్యి మాత్రం గుంటలోనే ఉంది."

వచ్చినవాళ్ళు ఒళ్ళు జలదరించి టాఫీలు, బిస్కెట్లు, అల్లం కేకు ముక్కలు పెట్టేవారు. ఏమస్ వాళ్ళని ముందు దిగమని, బూటు తాడు బిగించుకునే నెపంతో వెనక ఉండిపోయి, అన్నీ తన సంచిలో వేసుకునేవాడు. నక్కలు తినడం కంటే నయం కదా అనుకునేవాడు. అరవై దాటిన మనిషి. ఆదివారం చర్చిలో చందా పళ్ళెం పట్టుకుని తిరిగే మనిషి. దొంగతనం చిన్నదైతే సాకు సులువుగానే దొరుకుతుంది.

1974లో, అక్టోబరు చివరి ఆదివారం, చర్చి అయ్యాక ఏమస్, భార్య డోరీన్ బకెట్టు, కుంచె పట్టుకుని రాయి దగ్గరికి వెళ్ళారు. పొగమంచులో దారి తప్పినవాళ్ళకి కనబడేలా చలికాలం ముందు ఆ రాయికి సున్నం వెయ్యడం గార్బట్ ఇంటివాళ్ళ వంతు.

"కుంచె పట్టుకోవడం చూడు, గడ్డం గీసుకుంటున్నట్టుంది," అంది డోరీన్. "నువ్వు ముగించేసరికి మంచుకాలం వెళ్ళిపోతుంది."

"నువ్వు బకెట్టు పట్టుకోవే, చాలు. నోటితో సున్నం వెయ్యలేవు."

"వేసేదాన్నే. నీ మొహానికి."

ఎడమచేతి తొడుగు బొటనవేలి దగ్గర ఎర్ర ఉన్నితో తనే వేసుకున్న అతుకుని చూపిస్తూ నవ్వింది. "ఇదిగో, అతుకంటే ఇలా ఉండాలి. చూసి నేర్చుకో."

పని పూర్తయ్యేసరికి సముద్రం వైపు నుంచి పొగమంచు వచ్చి కమ్మేసింది. మధ్యాహ్నం ఒంటిగంట. అయినా పది బారల అవతల ఏమీ కనబడలేదు. తడిసున్నం వాసన, బురద వాసన. ఎక్కడో ఒక గొర్రె దగ్గినట్టు అరిచి ఊరుకుంది.

"ఆ తిండి సంచి ఇటివ్వు," అంది డోరీన్. ఆమెది షుగరు జబ్బు. పొద్దున ఇన్సులిన్ సూది వేసుకుంటే మధ్యాహ్నం వేళకి తిని తీరాలి, లేకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది.

"నీ దగ్గర లేదూ?"

"గేటు తీసేటప్పుడు స్తంభం మీద పెట్టాను కదా. నువ్వు తీసుకుంటావనుకున్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికే ఆమె పెదాలు పాలిపోయాయి. నుదుటి మీద చెమట. నాలుగు అడుగులు వేసి, మోకాళ్ళు మడతపడి బండ మీద కూలబడింది.

"ఏమస్... నిన్న పదకొండు మంది వచ్చారన్నావుగా. గుంటలో చూడు. టాఫీ ఒక్కటి చాలు."

ఏమస్‌కి చూడక్కర్లేదు. ఆ పదకొండు మంది పెట్టినవన్నీ రాత్రి రేడియో వింటూ తిన్నాడు. అయినా ఆమె చూస్తోందని చెయ్యి పెట్టి గుంటంతా తడిమాడు. కోటు జేబులు తిరగేశాడు. ఒక టాఫీ కాగితం దొరికింది. ఖాళీది.

"నక్కలు తినేసినట్టున్నాయి," అన్నాడు.

భార్య ప్రాణం మీదికి వచ్చిన ఆ నిమిషంలో కూడా అబద్ధమే చెప్పాడు.

మొయ్యబోయాడు. ఇరవై అడుగులు వెయ్యలేకపోయాడు. అరిచాడు. గొంతు మంచులో ఇంకిపోయింది. గేటు దాకా వెళ్ళి రావడానికి గంట పడుతుంది. పరిగెత్తితే అరగంట. వేరే దారి లేదు. గాలి తగలకుండా ఆమెని రాయికి ఆనించి కూర్చోబెట్టి, తన కోటు కప్పాడు.

డోరీన్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. ఎర్ర అతుకున్న తొడుగు.

"ఇక్కడ వదలకు," అంది గుసగుసగా. "ఎక్కడైనా సరే... ఇక్కడ మాత్రం..."

"అరగంటలో వస్తా. నిద్రపోకు."

ఒక్కొక్క వేలూ విడిపించుకున్నాడు. వెనుదిరిగాడు.

బండల్ని కాళ్ళతో వెతుక్కుంటూ పరిగెత్తాడు. రెండుసార్లు పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. గేటు స్తంభం మీద సంచి పెట్టింది పెట్టినట్టే ఉంది. తీసుకుని మళ్ళీ పైకి పరిగెత్తాడు. దేవుడా, ఇంకెప్పుడూ ముట్టుకోను. ఒక్క బిస్కెట్టు కూడా ముట్టుకోను. అదే మాట పైకే అంటూ ఎక్కాడు. బండలు తరగడం లేదు. ఎన్నడూ ఇన్ని లేవు...

అప్పుడు వాసన వచ్చింది.

అప్పుడే పెనం మీంచి తీసిన ఓట్స్ రొట్టె వాసన. ఆ బీడు మీద, ఆ చలిలో, పొయ్యి అనేదే లేని చోట.

తర్వాత చప్పుడు. నెమ్మదిగా, శ్రద్ధగా... ఎవరో నములుతున్న చప్పుడు.

"డోరీన్?"

చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

మంచులోంచి తెల్లగా రాయి కనబడింది. దాని కింద డోరీన్ నిటారుగా కూర్చుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నోరు కదులుతోంది.

"ఏం తింటున్నావు?"

మింగింది. "పెట్టారు."

"ఎవరు?"

నవ్వింది. చెయ్యి అందించకుండానే లేచి నిలబడింది. ఆమె లేచిన చోట, తడిసున్నం మీద, నేల నుంచి గుంట దాకా అయిదు వేళ్ళ గీతలు... పాక్కుంటూ పైకి పోయినట్టు. డోరీన్ తొడుగుల వంక చూశాడు. రెండూ చేతులకే ఉన్నాయి. సున్నం మరక ఒక్కటి లేదు.

బతికింది, అదే చాలు అనుకున్నాడు. ఆమె ముందు నడిచింది. దారిలో ఎక్కడా కాలు తడబడలేదు.

ఇంట్లో ఆ రాత్రి రొట్టె మొత్తం తినేసింది. మర్నాడు వారానికి సరిపడే సరుకు అయిపోయింది. సూది డబ్బా తియ్యలేదు. అడిగితే "అక్కర్లేదు" అంది. ఏమీ కాలేదు కూడా. ఏమస్ బూట్ల బురదతో లోపలికి వచ్చినా తిట్టలేదు. పళ్ళెం జార్చి పగలగొట్టినా ఒక్క ఎత్తిపొడుపు లేదు. ముప్పై అయిదేళ్ళుగా చెవులు హోరెత్తించిన మనిషి. ఇప్పుడు ఆ ఇంట్లో నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

శుక్రవారం ఇక తట్టుకోలేకపోయాడు.

"డోరీన్, ఆ రోజు నక్కలు కాదు. గుంటలోవి నేనే తిన్నాను. ప్రతివారం నేనే తింటున్నాను. నన్ను తిట్టవే... నాలుగు తిట్లు తిట్టు."

ఆమె తల ఎత్తలేదు.

"తెలుసు," అంది. "చెయ్యి పెట్టి చూశాను."

డోరీన్ ఆ రోజు లేచి నిలబడే స్థితిలో లేదు. గుంట ఛాతీ ఎత్తున ఉంది.

శనివారం తొమ్మిది మంది వచ్చారు. ఏమస్‌కి వెళ్ళాలని లేదు. ఇంట్లో ఉండాలనీ లేదు. బయల్దేరేటప్పుడు పొయ్యి పైన కమ్మీ మీద డోరీన్ తొడుగులు రెండూ ఆరుతుండటం చూశాడు. ఎడమదానికి ఎర్ర అతుకు. ఆమె బల్ల దగ్గర కూర్చుని తింటోంది.

రాయి దగ్గర కథ చెప్పలేకపోయాడు. తను తెచ్చుకున్న రొట్టె అంతా గుంటలో పెట్టబోయాడు. పెట్టడానికి చోటు లేదు.

అందులో ఒక తొడుగు ఉంది. ఎడమచేతిది. వారం రోజుల మంచుకి తడిసి, పైన గడ్డకట్టి ఉంది. బొటనవేలి దగ్గర ఎర్ర ఉన్ని అతుకు.

దాన్ని అందుకున్నాడు.

"అయ్యో, తియ్యకండి!" అని వెనక నుంచి ఒకావిడ నవ్వింది. "పెట్టి వెనుదిరిగితే మనది కాదని కిందటిసారి మీరేగా చెప్పారు!"

ఏమస్ వినలేదు. తొడుగులోకి రెండు వేళ్ళు పోనిచ్చాడు.

లోపల వెచ్చగా ఉంది.