ఏడో అర

అతని భార్యను చంపింది బ్యాంకు. ఈ విషయంలో పదకొండేళ్లుగా అతనికి రెండో మాట లేదు. నిప్పు కాలుతుంది, నీళ్లు మరుగుతాయి, బ్యాంకు చంపుతుంది.

అతను పెద్ద లాండ్రీలో బాయిలరు చూస్తాడు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు మూటలు మూటలుగా అక్కడికే వస్తాయి. తోటివాళ్లు అతన్ని ఆవిరి మామ అంటారు. తెల్లటి ఆవిరిలో తెల్లటి దుప్పట్లు తీగల మీద ఊగుతుంటే, వాటి వెనక ఎవరో తడి చేతులు తుడుచుకుంటూ నడిచి వెళ్తున్నట్టుంటుంది అతనికి. ఎవరో ఏమిటి, ఆమే. అతను పిలవడు. పిలిస్తే ఆవిరి చెదిరిపోతుంది.

ఇంట్లో వంటగది తలుపు పక్కన ఆమె కుట్టిన సంచి వేలాడుతుంది. పాత బట్టల ముక్కలతో కుట్టిన ఏడు అరలు. నీలం గళ్లది కరెంటుకు, ఆకుపచ్చది నీళ్లకు, గోధుమరంగుది అద్దెకు, పువ్వులది సరుకులకు, చారలది మందులకు, తెల్లది అనుకోని ఖర్చులకు. ఎర్రటి ఏడో అరలో డబ్బు పెట్టరు.

జీతం రోజున లాండ్రీవాళ్లిచ్చిన చెక్కును వీధి చివరి షాపులో మార్చుకుంటాడు. నూటికి రెండు కోసుకుని షాపువాడు నోట్లిస్తాడు. అవి అరల్లోకి వెళ్తాయి. సెలవురోజున అరలు ఖాళీ చేసుకుంటూ క్యూల్లో నిలబడతాడు. ముందువాడికీ వెనకవాడికీ బ్యాంకు కథ చెప్తాడు. ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజు సంతకం కలవలేదని తన డబ్బే తనకివ్వలేదు. వారం తర్వాత అకౌంటు మూసేసి ఉన్నదంతా తీసుకోబోతే అదే సంతకం కలిసింది. "అవసరం తీరాక కలిసింది, చూశారా!" అంటూ కథ ముగిస్తాడు. కరెంటాఫీసు క్యూలో ఆ కథ విననివాడు లేడు. కొందరైతే చివరి మాట తామే అందిస్తారు.

ఆ ఉదయం కూతురు మందుల షాపులో పనికి బయల్దేరుతూ, ఉతకడానికి తీసిన అతని చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. మడిచిన కాగితం ఒకటి దొరికింది.

"ఇదేంటి నాన్నా? వచ్చే నెల నుంచి జీతం అకౌంట్లోనే వేస్తారట. వారమైంది నీకిచ్చి."

"చిత్తు కాగితం. పారెయ్."

"పారేస్తే జీతం ఎక్కడ వేస్తారు?"

"వెయ్యక్కర్లేదు. మానేస్తానని చెప్పేశా."

ఆమె చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "ఉద్యోగం మానేస్తావా? మరి అద్దె? గోధుమరంగు అర దానంతటదే నిండుతుందా?"

"నా తిప్పలు నేను పడతా."

"నీ తిప్పలు నావి కావా? నీకు జ్వరమొచ్చిన నెల క్యూలో నిలబడిందెవరు? పూట జీతం పోయింది నాకు. ఆ చెక్కులు మార్చేవాడికి ఇన్నేళ్లలో రెండున్నర నెలల జీతం ధారపోశావు. రేపు అల్లుడొస్తే అతనికైనా అంత పెడతావా?"

"వాడు కోసేది కళ్లెదుట కోస్తాడు. బ్యాంకు నమ్మించి గొంతు కోస్తుంది."

"అమ్మను బ్యాంకు చంపలేదు నాన్నా."

పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. 

"ఏమన్నావు?"

"ఆ పొద్దున్నే డాక్టరు నాతో చెప్పాడు, ఇక లాభం లేదని. నీకు చెప్దామని వచ్చేసరికి డబ్బు కోసమని వెళ్లిపోయావు. తర్వాత ఎన్నిసార్లు చెప్పబోయినా విన్నావా?"

"డాక్టరుకేం తెలుసు! ఆ డబ్బుతో ఇంజెక్షను పడుంటే బతికేది. నా డబ్బు! నా చెమట! నా సంతకం నాది కాదని కౌంటరువాడు చీటీ మొహాన కొట్టాడు. సాక్ష్యం కావాలా నీకు? ఏడో అరలో ఉంది. తీసి చదువు!"

డబ్బు తీయడానికి ఆ రోజు తను రాసిచ్చిన చీటీని అతనే నాలుగు మడతలు పెట్టి ఆ అరలో దాచాడు. మళ్లీ విప్పలేదు. శత్రువు మొహం రోజూ చూడాలని ఎవరికుంటుంది?

కూతురు విసురుగా తీసింది, విప్పింది. చదివిందో లేదో, పొంగే పాల మీద నీళ్లు చల్లినట్టు ఆమె కోపమంతా దిగిపోయింది. మెల్లగా మళ్లీ మడతపెట్టింది.

"సరేలే నాన్నా. నువ్వన్నదే నిజం. నాకు టైమవుతోంది."

"ఏం, నోరు పడిపోయిందా? పైకి చదువు!"

"వద్దు నాన్నా. నా మాట విను."

అతను లాక్కున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. అకౌంటు నంబరు సరిగ్గానే ఉంది. అడిగిన మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ సరిగ్గానే ఉంది. అడుగున సంతకం చేసే చోట, గుండ్రంగా, పొందిగ్గా, ఒక్కో అక్షరం పూసగుచ్చినట్టు ఉంది.

అతని భార్య పేరు.

తనదే ఆ దస్తూరి. ఊరి బళ్లో నాలుగో తరగతితో ఆగిన చదువు తనది. పెళ్లైన కొత్తలో ఆమె పలక తెచ్చి ముందు పెట్టింది. "ముందు నా పేరు రాయి. అదొస్తే నీది దానంతటదే వస్తుంది" అని నవ్వింది. పది రోజులు ఆ పేరే దిద్దాడు. తన పేరుకంటే ముందు చేతికి ఆ పేరే పట్టుబడింది. కిటికీలోంచి పడుతున్న ఎండ, ఆమె చేతిలో పలక తుడిచే తడిగుడ్డ, పలక మీద ఆరిపోతున్న తడి మరక, అన్నీ ఆవిరి వెనక కదిలినట్టు కదిలాయి. ఆ ఆవిరిలోనే బ్యాంకు కౌంటరు కనిపించింది. కౌంటరువాడు చీటీని విసరడం లేదు. రెండు వేళ్లతో ఇటు జరుపుతున్నాడు. ఏదో అంటున్నాడు. ఇన్నేళ్లూ అతని పెదాలు కదిలాయే తప్ప మాట వినపడలేదు. ఇప్పుడు వినిపించింది.

"అయ్యా, సంతకం ఒకసారి చూసుకోండి. కొత్త చీటీ ఇస్తాను."

అప్పటికే తను చీటీ లాక్కుని, అరుస్తూ మెట్లు దిగిపోయాడు.

అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "కొత్త చీటీ ఇస్తానన్నాడే అమ్మా."

కూతురు పక్కన కూర్చుంది. "ఇచ్చినా అమ్మ ఉండేది కాదు నాన్నా."

"ఊరడించకు."

"ఊరడించట్లేదు. ఆ పూట నీకు నీ పేరే గుర్తు లేదు, అంతే. ఇందులో దొంగ ఎవరూ లేరు."

బాయిలరు బిరడా కొంచెం వదులు చేస్తే ఆవిరి వచ్చినట్టు అతని గొంతులోంచి సన్నటి చప్పుడు వచ్చింది. తర్వాత ఏడుపు ఇక ఆగలేదు. ఆమె ఆపలేదు. ఆ రోజు పనికీ వెళ్లలేదు.

చీటీ మళ్లీ ఏడో అరలోకే వెళ్లింది. ఈసారి మడత పెట్టలేదు.

మర్నాడు లాండ్రీకి వెళ్లి, మానేస్తానన్న మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ మరుసటి రోజు ఇద్దరూ బ్యాంకుకు వెళ్లారు. కౌంటరమ్మాయి ఫారం ఇచ్చి వేలితో చోటు చూపించింది. అతను పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కూతురు సాయానికి రాలేదు. తన పేరు రాసి, రాసింది తన పేరేనని రెండుసార్లు చూసుకున్నాడు.

"ఇంతకుముందు అకౌంటు ఉండేదా అండీ?"

"ఉండేది."

"ఎందుకు మూసేశారు?"

వెనక వరుసలోంచి బట్టతల మనిషి ఒకడు నవ్వాడు. కరెంటాఫీసు క్యూలో ఆ కథ పదిసార్లు విన్నవాడు. "అదో పెద్ద భారతం తల్లీ! చెప్పండి మామగారూ, అవసరం తీరాక కలిసింది, చూశారా..."

ఆవిరి మామ వెనక్కి తిరిగి అతన్ని చూశాడు. కూతుర్ని చూశాడు. పెన్ను మూతపెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఆ సంగతి నేనిక మాట్లాడను," అన్నాడు. "ఎవరితోనూ. ఎప్పటికీ."